విజిల్ నా నోట్లో ఉన్న రోజులు

కొత్తగా సూపర్‌వైజర్లయిన పిల్లలకు ఒక గంట పాఠం చెప్పడానికి రమ్మని మా పాత కంపెనీవాళ్లు పోయిన నెల ఫోన్ చేశారు. మంచి నాయకుడికి ఉండాల్సిన గుణాలు అన్నది విషయమట. రానన్నాను. మైకు ముందు నాకు గొంతు పెగలదు. రెండు రోజులాగి మళ్లీ ఫోన్ చేసి, పోనీ రాసైనా ఇవ్వమన్నారు. రాస్తాను గానీ గుణాల మీద కాదు, ఆ గుణాలన్నీ పెట్టుకుని కూడా నేను పాడుచేసిన ఒక ఉదయం గురించి రాస్తానన్నాను. సరేనన్నారు. చదివాక ఎందుకు సరేనన్నామా అని తల పట్టుకుంటారేమో, అది వాళ్ల బాధ.

ముందే ఒక మాట. నేను చెన్నైలో పుట్టి పెరిగినవాణ్ని. మా తాతల నాటినుంచీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అక్షరాలు చూలై పేటలోని మా ఇంట్లో అమ్మ నేర్పింది, బడి కాదు. మా అమ్మాయిని తెలుగులో పిలిస్తే తమిళంలో పలుకుతుంది. కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేను పనిచేసింది పెరంబూరు దాటాక, రైలు పెట్టెల మరమ్మతు కాంట్రాక్టుకు తీసుకునే ఒక ప్రైవేటు షెడ్డులో. మీరు బోగీ అనేదాన్ని మేం పెట్టె అంటాం. పెట్టె కింద చక్రాలుండే ఇనుప చట్రాలు రెండుంటాయి, ముందొకటి, వెనకొకటి. వాటిని బాగుచేయాలంటే పెట్టెను పైకి లేపి, చట్రాలను కిందనుంచి దొర్లించుకుంటూ బయటికి లాగాలి. లేపడానికి పైన రెండు క్రేన్లు, నాలుగు మూలల్లో నలుగురు మనుషులు, నేలమీద నిలబడి విజిల్ ఊదుతూ క్రేన్లకు చేతితో సైగ చేసేవాడు ఒక్కడు. ఆ ఒక్కణ్ని మేం మేస్త్రి అనేవాళ్లం. తర్వాత కంపెనీ సూపర్‌వైజర్ అంది. పేరు మారింది గానీ విజిల్ అదే.

లేపేముందు విప్పాల్సినవి కొన్ని ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి పెట్టెనూ చట్రాన్నీ కలిపి కట్టే ఇనుప పట్టీలు. ఒక్క పట్టీ విప్పకుండా వదిలినా పెట్టెతోపాటు చట్రం ఆ పక్క పైకి లేస్తుంది. టన్నుల బరువు. ఆ బరువును పట్టీ ఎంతసేపు ఓర్చుకుంటుందన్నది దాని దయ. ఈ సంగతి అర్థం కావడానికి ఇంతకంటే షెడ్డు విద్య అక్కర్లేదు.

నాకు ముందున్న మేస్త్రి పొట్టి మనిషి, ఎప్పుడూ దవడలో తమలపాకు ఉండేది. గొంతు పెద్దది కాదు. ఆయన అరవగా నేను వినలేదు. ప్రతి లిఫ్టుకు ముందు, అంటే పెట్టెను లేపబోయే ముందు, ఆయన దాని చుట్టూ ఒకసారి నడిచేవాడు. మేం దాన్ని మేస్త్రి ప్రదక్షిణం అని ఎగతాళి చేసేవాళ్లం. నాలుగు మూలల దగ్గరా ఆగి, ఆ మూల మనిషిని ఒకే మాట అడిగేవాడు.

"ఏమప్పా, నీ మూల సరేనా? పట్టీ తీసింది కంటితో చూసినావా, ఎవురన్నా చెప్తే విన్నావా?"

అడగడంలో ఒక వరస ఉండేది. అందరికంటే కింది వాడు, ఆఖరున చేరినవాడు ఎవడో వాడి దగ్గరకు ముందు వెళ్లేవాడు. అందరికంటే సీనియర్ని చివర అడిగేవాడు. అప్పటికి ఇరవయ్యేళ్ల సర్వీసున్న నన్ను చివర అడగడం నాకు నామోషీగా ఉండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"పెద్దోడు సరే అన్నాక చిన్నోడికి నోరు రాదురా," అన్నాడు తమలపాకు పక్కకు తోసుకుంటూ. "అందుకని చిన్నోడే ముందు చెప్పాల. నువ్వు ఎట్లాగూ గమ్మునుండేవాడివి కాదు గదా, నీకేం తొందర?"

ఆ మాట నాకు చెవిలో పడిందే గానీ బుర్రకెక్కలేదు. ఆయన రిటైరై, విజిల్ నా చేతికి వచ్చిన రోజు నేను లోపల్లోపల అనుకున్నది ఒక్కటే. ఈ ప్రదక్షిణాలకు ఇక సెలవు.

కంపెనీ నన్ను మూడు రోజుల క్లాసుకు పంపింది. పెద్ద హోటలు, ఏసీ గది, టై కట్టుకున్న ట్రైనరు. నాయకుడికి పది గుణాలుండాలని ఆయన తెర మీద వేసి చూపించాడు. ఆత్మవిశ్వాసం, త్వరగా నిర్ణయం తీసుకోవడం, స్పష్టమైన ఆదేశం, క్రమశిక్షణ, ఇట్లా. పదీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుంటూ ఒక్కొక్కదానికీ నాకు నేనే మార్కులు వేసుకున్నాను. ఏ గుణానికీ ఎనిమిదికి తగ్గలేదు. మూడో రోజు సర్టిఫికెట్టు, భుజానికి తగిలించుకునే సంచి, బిర్యానీ. సర్టిఫికెట్టుకు ప్లాస్టిక్ పూత వేయించి ఇంట్లో టీవీ పక్కన పెట్టాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నేను మొదటి వారంలోనే ప్రదక్షిణం ఎత్తేశాను. దాని బదులు ఒక కాగితం పెట్టాను. ముందు షిఫ్టువాళ్లు ఏమేం విప్పారో అందులో టిక్కులు పెట్టి పోతారు, నేను సరిచూసి సంతకం చేస్తాను, విజిల్ ఊదుతాను. మనుషుల్ని ఒక్కొక్కరినీ బతిమాలి అడిగే పని లేదు. ముప్పావుగంట పట్టే లిఫ్టు అరగంటకు దిగింది. మేనేజరు భుజం తట్టాడు. మా గుంపులోవాళ్లు నిన్నటిదాకా అన్నా అని పిలిచిన నోటితో సార్ అనడం మొదలుపెట్టారు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకు బాగుండేది.

మా నాలుగో మూలలో ఒక హెల్పరుండేవాడు. వయసులో నాకంటే రెండు మూడేళ్లు చిన్న. రాయపురం మనిషి. చాలా ఏళ్లు హార్బరులో సరుకు ఎత్తి దించే పనిచేసి, నడుము సహకరించక మా దగ్గర చేరాడు. అందరికంటే ఆఖరున చేరాడు కాబట్టి, పాత మేస్త్రి రోజుల్లో మొదట జవాబు చెప్పేది అతనే. మాట తక్కువ. ఆదివారం చర్చికి పోతే తప్ప ఓవర్‌టైము వదిలేవాడు కాదు.

ఒకరోజు లిఫ్టు సగంలో ఉండగా అతను హఠాత్తుగా రెండు చేతులూ పైకెత్తి "ఆపు, ఆపు!" అని అరిచాడు. రెండు క్రేన్లూ ఆగిపోయాయి. ఆ రోజే మాకు కాంట్రాక్టు ఇచ్చినవాళ్లు షెడ్డు చూడటానికి వచ్చారు. తెల్ల హెల్మెట్లు పెట్టుకుని మేనేజరు పక్కనే నిలబడి ఉన్నారు. ఏమైందంటే, కిందనుంచి ఏదో చప్పుడు వినిపించిందన్నాడు. అందరం వంగి చూశాం. ఏమీ లేదు. పావుగంట వృథా.

నాకు చెవులు కాలిపోయాయి. వచ్చినవాళ్ల ముందే అందుకున్నాను.

"విజిల్ ఎవరి నోట్లో ఉంది? నా నోట్లోనా, నీ నోట్లోనా?"

"రేవులో ఎవురు అరిచినా క్రేను ఆగిపోతాది సార్. ఆ అలవాటు..." అన్నాడు మెల్లగా.

"ఇది రేవు కాదు. ఈడ చెయ్యెత్తేది ఒక్కడే, అది నేను. ఇంకోసారి నీ చెయ్యి లేస్తే ఇంటికి పోతావు."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు, తల వంచుకుని. స్పష్టమైన ఆదేశం అనే గుణానికి ఆ రోజు నేను నూటికి నూరు వేసుకుని ఉంటాను.

ఇది జరిగిన మూడు వారాలకు వచ్చింది అసలు రోజు. ముసురు పట్టిన ఉదయం. తెల్లవారుజామున కరెంటు పోయి రావడంతో పని వెనకబడింది. షెడ్డులో ఒక పక్క నేలంతా నీళ్లు. ముందు షిఫ్టువాళ్లు కాగితం మీద అన్ని టిక్కులూ పెట్టి వెళ్లిపోయారు. నేను నా పక్కనున్న రెండు పట్టీలూ వంగి చూశాను, విప్పి ఉన్నాయి. అవతలి పక్క చూడాలంటే నీళ్లలో దిగి చుట్టూ తిరిగి పోవాలి. బూట్లు కొత్తవి. ఇంతకంటే పెద్ద కారణం చెప్పాలని నాకూ ఉంది గానీ లేదు. టిక్కులున్నాయి కదా అని సంతకం పెట్టి, విజిల్ ఊదాను.

పెట్టె కదిలింది. నా కళ్లు పైన క్రేన్ల మీద ఉన్నాయి. రెండూ సమంగా లేపుతున్నాయా లేదా అన్నదే అప్పుడు నేను చూడాల్సింది. జానెడు లేచింది. ఇంకొంచెం లేచింది. అప్పుడు నాలుగో మూలలో పట్టీ ఇంకా బోల్టుతో బిగించి ఉండటం ఆ హెల్పరు చూశాడు. చట్రం ఆ పక్క పట్టాల మీదనుంచి పైకి లేస్తోంది. అతని చేతిలో స్పానరుంది. చేతులెత్తి అరవాల్సినవాడు అరవలేదు. స్పానరు పట్టుకుని కిందికి దూరాడు. బోల్టు రెండు తిప్పుల్లో ఊడి వచ్చేస్తుందనుకున్నాడు.

పట్టీ తెగింది. చట్రం పట్టాల మీద పడిన చప్పుడు, వెంటనే ఇంకో మూల మనిషి పెట్టిన కేక. క్రేన్లు ఆపమని విజిల్ ఊదాల్సింది నేను. ఊదలేకపోయాను. విజిల్ పళ్ల మధ్యే ఉంది, ఊపిరి రాలేదు. క్రేన్లు నడిపేవాళ్లే నా కోసం చూడకుండా ఆపేశారు. తక్కిన ముగ్గురూ అతన్ని భుజాలు పట్టి బయటికి లాగారు. ఎడమ పాదం చట్రం చక్రానికీ పట్టాకీ మధ్య పడింది. ఆ సాయంత్రమే ఆస్పత్రిలో పాదం ముందు సగం తీసేశారు. ప్రాణం దక్కింది. అందరూ దేవుడి దయన్నారు. నేనూ అన్నాను.

మర్నాడు మేనేజరు గదిలో రిపోర్టు రాశాం. ఆయన గుంటూరు వైపునుంచి వచ్చిన ఇంజనీరు, నాకంటే పదేళ్లు చిన్న, చెడ్డవాడు కాదు. నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు.

"మీరు అతన్ని కిందికి దూరమన్నారాండీ?"

"లేదండీ."

"వేరే ఎవరైనా చెప్పారా?"

"లేదు."

"లేపుతున్న బరువు కిందికి పోకూడదని అతనికి తెలుసా?"

"తెలుసు. అందరికీ చెబుతాం."

ఆయన టైపు చేశాడు. సదరు హెల్పరు ఎవరి ఆదేశమూ లేకుండా, నియమం తెలిసి కూడా, లేపుతున్న పెట్టె కిందికి స్వయంగా వెళ్లాడు. పట్టీ విప్పలేదన్న తప్పు ముందు షిఫ్టు ఖాతాలోకి పోయింది. నా సంతకం గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పాము చావకుండా కర్ర విరగకుండా పని అయిపోయింది. చదివి చూసుకోమన్నారు. చూశాను. ఒక్క మాట అబద్ధం లేదు. సంతకం పెట్టాను.

బరువు కిందికి దూరినవాడికి మా షెడ్డులో ఇక పనుండదు. అది గోడ మీద ఎర్ర అక్షరాల్లో రాసి ఉంటుంది. సగం పాదంతో, ఆ వయసులో, అలాంటి రిపోర్టు వెనకాల ఉంటే అతన్ని ఇంకెవరూ గేటు లోపలికి కూడా రానివ్వరు. ఇది నాకు సంతకం పెట్టేటప్పుడే తెలుసు. తెలియదని ఎవరికైనా చెబితే అది అబద్ధం.

నాలుగు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఐదో రోజు గుంపులోవాళ్లు ఆస్పత్రికి పోతుంటే, నేను పోకపోతే బాగుండదని పోయాను. అందరూ పలకరించి కిందికి టీ తాగడానికి దిగారు. నేను మంచం పక్కన మిగిలాను. అతనే మొదలుపెట్టాడు.

"తప్పు నాదే సార్. మీకు చెడ్డపేరు తెచ్చేసినా."

నేను స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నాను.

"చెయ్యెత్తుదామనే అనుకున్నా సార్. సగం ఎత్తినా గూడా. మళ్లా ఏమీ లేకుండా పోతే మీకు కోపమొస్తాదని... రెండు తిప్పులే గదా, గమ్మున తీసేసి వచ్చేద్దామని దూరినా."

నన్ను దెప్పడానికి అన్నది కాదు. క్షమాపణ అడుగుతున్నాడు. కాలు పోగొట్టుకున్నవాడు, నాకు కోపం రాకుండా చూడబోయి కాలు పోగొట్టుకున్నానని, నన్నే క్షమించమని అడుగుతున్నాడు. నాకు సిగ్గేసింది. అంతకుముందు నేను సిగ్గు అనుకున్నవేవీ సిగ్గు కావని ఆ నిమిషం తెలిసింది.

విశ్రాంతి తీసుకో అనేసి వరండాలోకి వచ్చాను. అతని భార్య వెనకే వచ్చింది. రాయపురంలో చేపలమ్మే మనిషి, పొద్దుటి బేరం ముగించుకుని అట్నుంచి అటే వచ్చినట్టుంది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ.

"సార్, ఒక నిమిషం నిలబడండి," అంది. "నాకు సదువు రాదు. కంపెనీ కాయితంలో ఆయన తనంతటే దూరినాడని రాసినారంట. నిజమేనా?"

"నిజమేనమ్మా."

"సరి. దూరినాడు. నేను కాదనలే." చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. "ఏల దూరినాడో అది రాసినారా?"

నేను మెట్ల వైపు చూశాను.

"ఆ రోజు మీరు తిట్టింది ఆయన ఇంటికొచ్చి చెప్పినాడు సార్. అన్నం తినలే. హార్బర్ల ఇరవై ఏండ్లు చేసినాడు, ఎవురూ ఆ మాట అన్లేదు. నేనేం చెప్పినానో తెలుసా? పోనీలేయ్యా, ఇంక చెయ్యెత్తొద్దు, గమ్మున పనిచేసుకో అన్నా. నేను గూడా చెప్పినా. ఆ పాపం నాది గూడా ఉండాది. నాది నేను మోస్తా. మీది మీరు రాయండి."

అంత మాట అన్నా ఏడవలేదు, అరవలేదు. వార్డులోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్రపట్టిందా అని అడగకండి. మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని రాశాను. ఇంగ్లీషులో పది వాక్యాలు రాయడానికి పొద్దంతా పట్టింది. లిఫ్టుకు ముందు అందరినీ అడిగే పద్ధతి ఉండేదనీ, దాన్ని నేనే ఎత్తేశాననీ రాశాను. మూడు వారాల ముందు అతను చెయ్యెత్తి పని ఆపితే, పదిమంది ముందు తిట్టి, ఇంకోసారి చెయ్యెత్తితే ఇంటికి పంపుతానన్నాననీ రాశాను. అవతలి పక్క పట్టీలు చూడకుండానే చూసినట్టు సంతకం పెట్టాననీ రాశాను. కొత్త బూట్ల సంగతి కూడా రాసి, తర్వాత కొట్టేశాను. దానికి అంత ధైర్యం చాలలేదు. ఇవాళ ఇక్కడ రాస్తున్నాను.

మేనేజరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"మొదటి రిపోర్టు పైకి వెళ్లిపోయిందండీ. అందులో అబద్ధమేం లేదు కదా?"

"లేదండీ. సగం ఉంది."

"ఇది పంపితే మీ సూపర్‌వైజర్ పోస్టు ఉండదు. నా మీద కూడా ప్రశ్నలొస్తాయి. పని త్వరగా అవుతోందని మిమ్మల్ని మెచ్చుకుంది నేనే కదా." కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "మీరు ఇంటికెళ్లి ఇంకొకసారి ఆలోచించుకోండి. రేపొద్దున్న చెప్పండి."

"నిన్నంతా ఆలోచించే తెచ్చానండీ. మీరు పంపకపోతే ఎంక్వయిరీలో నోటితో చెబుతాను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, కాగితం ఫైల్లో పెట్టాడు. పంపాడు కూడా. కావాలంటే అడుగున పడేసి ఉండొచ్చు. పడేయలేదు. అందుకే ఆయన చెడ్డవాడు కాదన్నాను.

రెండు నెలల తర్వాత తేలింది. హెల్పరు మీద చర్య వద్దన్నారు. నడిచి తిరిగే పని చేయలేడు కాబట్టి పనిముట్లు ఇచ్చే గదిలో కూర్చునే పనిలో వేశారు. నా విజిల్ తీసుకుని, ఒక మెట్టు దించి, మళ్లీ ఫిట్టరుగా పాత గుంపులోనే వేశారు. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. గుంపులో ఇద్దరు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినందుకు కాదు, మొదట ఆ రిపోర్టులో సంతకం పెట్టినందుకు. ఇంట్లో టీవీ పక్కనున్న సర్టిఫికెట్టు బీరువాలోకి పోయింది.

మా మీదికి వేరే షెడ్డునుంచి ఒకామె సూపర్‌వైజరుగా వచ్చింది. ప్రదక్షిణం మళ్లీ మొదలైంది. నన్ను ఒక మూలలో నిలబెట్టారు. విజిల్ లేని మూలలో నిలబడితే గానీ నాకు కొన్ని సంగతులు తెలియలేదు. ఆ మొదటి ఏడాదిలో నాకు మూడుసార్లు అనుమానం వచ్చింది. "ఒక్క నిమిషం ఆగండమ్మా" అని పైకి అన్నది ఒక్కసారే. ఆమె నన్ను ఎప్పుడూ తిట్టలేదు, అయినా నోరు రాలేదు. పైవాళ్లు ఎదురుచూస్తున్నారని, ఏమీ లేకపోతే నవ్వుతారని, మనకెందుకని. ఇరవై అయిదేళ్ల సర్వీసున్న నాకే అట్లా ఉంటే, తిట్లు తిన్న హెల్పరుకు ఎట్లా ఉంటుందో లెక్కవేసుకోండి.

ఆ ట్రైనరు చెప్పిన పది గుణాల్లో ఏదీ తప్పు కాదు. మీకూ అవే చెబుతారు, బుద్ధిగా రాసుకోండి. కాకపోతే అవన్నీ నాయకుడు తనలో తాను చూసుకుని మార్కులు వేసుకునే గుణాలు. మంచి మేస్త్రి సంగతి అతని మొహంలో కాదు, అందరికంటే కింద పనిచేసేవాడి నోట్లో తెలుస్తుంది. మీ మాటకు అడ్డొచ్చి "కాదు సార్, ఆగండి" అని మీ గుంపులో ఎవరైనా చివరిసారి ఎప్పుడన్నారో గుర్తు చేసుకోండి. ఎంత ఆలోచించినా గుర్తు రాకపోతే, అంతా సవ్యంగా ఉందని సంతోషపడకండి. నాకూ ఆ మూడు వారాలూ అంతా సవ్యంగానే ఉన్నట్టుండేది. మా పొట్టి మేస్త్రికి ఇదంతా ఏ హోటల్లోనూ ఎవరూ నేర్పలేదు. ఆయన్ను ఎట్లా తెలిసిందని నేను అడగలేదు. చేతులు కాలాక ఒకసారి పోయి అడుగుదామనుకున్నాను, అప్పటికి ఆయన లేడు.

హెల్పరు తిరిగి పనిలోకి వచ్చిన రోజు గురించి చెప్పి ముగిస్తాను. పాదానికి ప్రత్యేకంగా కుట్టించిన చెప్పు, చేతిలో కర్ర. పనిముట్ల గదికి చిన్న కిటికీ ఉంటుంది, అందులోనుంచి టోకెన్ తీసుకుని స్పానర్లు ఇస్తారు. పొద్దున్నే అందరికంటే ముందు పోయి ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏం మాట్లాడాలో వారంనుంచీ సిద్ధం చేసుకున్నాను. టోకెన్ ఇచ్చాను. అతను స్పానర్లు తీసి ఒక్కొక్కటే కిటికీలో పెట్టాడు.

"నన్ను..." అని మొదలుపెట్టాను.

"వద్దు, అన్నా," అన్నాడు. గొంతు పెంచలేదు. మొట్టమొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూశాడు. "మీరు రెండో కాయితం రాసింది తెలుసు. మా ఇంటామె చెప్పింది. దానికి దండం. అయినా నాకు కోపం పోలేదు. ఆస్పత్రిలో తప్పు నాదే అన్నా గదా, అది నోటి మాట. కాలు చూసుకున్నప్పుడంతా మీరే గుర్తొస్తారు. కోపం పోయినప్పుడు నేనే చెప్తా. అంతదాకా అడగొద్దండి."

అడగనన్నాను. స్పానర్లు తీసుకుని పనిలోకి పోయాను. బాధ కలగలేదని అననుగానీ, దానికంటే ఎక్కువగా నాకు ఊపిరి ఆడింది. ఆ మనిషి నా మొహం మీద చెప్పిన మొదటి నిజం అదే.

ఆ తర్వాత నేను ఆరేళ్లు పనిచేశాను. ప్రతి ఉదయం ఆ కిటికీలోనుంచే స్పానర్లు తీసుకున్నాను, ప్రతి సాయంత్రం ఆ కిటికీలోనే తిరిగి ఇచ్చాను. వాన గురించి, పిల్లల పెళ్లిళ్ల గురించి, చేపల ధర గురించి మాట్లాడుకునేవాళ్లం. రిటైరైన రోజు చివరిసారి స్పానర్లు ఇచ్చాను. గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే గోడకు తగిలించి, నా టోకెన్ నా చేతిలో పెట్టి, "జాగర్తగా పోండన్నా, రోడ్డు మీద నీళ్లుండాయి," అన్నాడు.

ఇంకేమైనా చెబుతాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. చెప్పలేదు. నేనూ అడగలేదు.